దేగ్ కింద నిప్పు ఎవరు పెట్టాలి?

పోయిన వారం హుమాను పుంగనూరు బస్టాండులో దింపి వదిలేశాం. పాపం, ఆ పిల్ల అప్పటినుంచీ భుజానికి సంచి తగిలించుకుని ఆటో కోసం చూస్తూనే ఉంది. ఇక ఎక్కిద్దాం. ఆమె ఇల్లు చేరేలోగా కొత్తగా మన మధ్యకు వచ్చినవాళ్ళకు సంగతి చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

హుమా తండ్రి ఘని. పెళ్ళిళ్ళకు బిర్యాని వండే బావర్చీ. ఆయన తండ్రిదీ తాతదీ అదే పని. కలకడ నుంచి వి.కోట దాకా సాయిబుల ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే ముందు ఘని తీరిక కనుక్కుని ఆ తర్వాతే తారీఖు పెట్టుకునేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళి బిర్యాని వండే పెద్ద రాగి దేగ్ కింద మొదటి నిప్పు పెట్టేవాడు బిస్మిల్లా చెప్పి పెట్టాలి, ఆ నోట్లో ఎన్నడూ మందు చుక్క పడి ఉండకూడదు. ఉప్పు తక్కువైతే సర్దుకుంటారు, ముక్క ఉడక్కపోయినా సర్దుకుంటారు. ఇది తప్పితే మాత్రం పళ్ళెంలో చెయ్యి పెట్టరు.

అలాంటి ఘనికి లివర్ చెడింది. కాళ్ళు వాచి, కడుపు ఉబ్బి మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి పోతే, ఆయన స్కానింగ్ చూసి తల కూడా ఎత్తకుండా "ఎన్నేళ్ళుగా తాగుతున్నావు?" అన్నాడు. నేను తాగనయ్యా అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు! అవమానం తగిలితే ఘనికి మాట రాదు, నడక వస్తుంది. లేచి బయటికి వచ్చేశాడు. తోడు వెళ్ళిన చెల్లెలి మొగుడు, మదనపల్లె మండీలో టమోటాల వ్యాపారి అయాజ్ ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. ఖురాన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చెయ్యమన్నాడు. "నా కడుపు గొడవకు ఆ గ్రంథాన్ని కిందికి దించను" అన్నాడు ఘని. ఆయన తండ్రి బతికినన్నాళ్ళూ ఒట్టు వెయ్యలేదు, ఆయనా వెయ్యడు. అంతే, ఊరికి కావలసింది దొరికింది. తాగకపోతే ప్రమాణం చెయ్యడానికేం రోగం అని టీకొట్ల దగ్గర నాలుకలు లేచాయి.

ఇదంతా ఇంకెప్పుడైనా అయితే ఘని ఓర్చుకునేవాడేమో. ఆయన కొడుకు జుబేర్‌కూ అయాజ్ కూతురు మెహ్‌నాజ్‌కూ శనివారం మదనపల్లెలో నికా. చిన్నప్పుడే అనుకున్న మేనరికం. ఆదివారం పుంగనూరులో వలీమా, అంటే పెళ్ళికొడుకు ఇంటివాళ్ళు పెట్టే విందు. ఊరందరి పిల్లల పెళ్ళిళ్ళకూ దేగ్ ఎక్కించినవాడు తన కొడుకు వలీమాకు నిప్పు పెట్టలేకపోతే ఎలా? "నువ్వు పెడితే మావాళ్ళెవరూ తినరు" అని అయాజ్ తెగేసి చెప్పి, వి.కోట నుంచి వేరే బావర్చీని మాట్లాడాడు కూడా.

హుమా కుప్పంలో ఒక పరిశోధనశాలలో ఈ లివర్ కొవ్వు మీదే పని చేస్తోంది. తండ్రి రక్తం, తమ్ముడు జుబేర్ రక్తం తీసుకుపోయింది. ఇదిగో, ఈ గురువారం మధ్యాహ్నం జవాబు పట్టుకుని ఆటో దిగుతోంది.

* * *

పెరట్లో దాసప్ప చింతపండు గుజ్జుతో దేగ్ అంచు రుద్దుతున్నాడు. ఘని దగ్గర పొయ్యి చూసుకునేది ఈయనే. ఇద్దరూ కలిసి నెరిసిపోయారు.

"వచ్చినావా హుమమ్మా! సూడు, కొత్తగా కళాయి పోయించినాం. లోపల సూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు."

"నేను బొట్టు పెట్టుకోను కదా మామా."

"నువ్వు పెట్టుకోవులే, నా పెండ్లాం పెట్టుకుంటాది. దాన్ని పిలిపిస్తా." నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. "లోపల మదనపల్లె మండీ కూసోనుండాది. మొగం టమోటా మాదిరి ఉండాది. మీ అత్తమ్మ కూడా వచ్చింది. పోయి సంగతేందో తేల్చమ్మా. కళాయి పోయించిన దేగ్‌లో ఒకసారి నీళ్ళు కాంచి పారబొయ్యల్ల. సాబును నిప్పు పెట్టమంటే పెట్టడు. నన్ను పెట్టమంటాడు. నేను పెట్టేదేంది? నేను తాగినోణ్ణి!"

దాసప్ప నిజంగానే తాగినవాడు. వయసులో ఆయన తాగినంత ఆ వీధిలో ఎవరూ తాగలేదు. ఒక పెళ్ళికి వాసనతో వచ్చాడని ఘని ఆయన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఆ సీజనంతా పలకరించలేదు. ఆ కోపానికి భయపడి దాసప్ప తాగుడు మానేశాడు.

లోపల ముందుగదిలో అయాజ్ కుర్చీలో, ఆయన భార్య గుల్జార్ బీ చాప మీద కూర్చున్నారు. ఘని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి ఎప్పుడూ సన్నమే. ఇప్పుడు కాళ్ళు మాత్రం లావయ్యాయి. హుమా వెనకే దాసప్ప కూడా తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో మామూలుగా దక్కనీ ఉర్దూ నడుస్తుంది. దాసప్ప ఉంటే మాత్రం అందరూ తెలుగులోకి దిగుతారు. అది ఆ ఇంటి మర్యాద, ఎంత కోపంలో ఉన్నా తప్పరు.

"కూర్చో బేటా, నీళ్ళు తాగు" అన్నాడు ఘని.

"తర్వాత అబ్బా." తండ్రికి ఆ మాట చెప్పి హుమా సంచి కింద పెట్టింది. "ముందు వచ్చిన పని. అబ్బా లివర్ యాల చెడిందో తెలిసింది."

"మాకు ముందే తెలుసు" అన్నాడు అయాజ్.

"మీకు తెలిసింది వేరే, నాకు తెలిసింది వేరే ఫుప్పా. కాసేపు వినండి." మేనత్త మొగుడని జంకలేదు, తండ్రి పోలికే, అదే మొండి గడ్డం. "లివర్‌లో కొవ్వు సన్న సన్న చుక్కలుగా ఉంటాది. ఆ చుక్కల మీద కూర్చుని పనిచేసే ప్రొటీన్ ఒకటి అందరిలోనూ ఉండాది. దాని పేరు పీ ఎన్ పీ ఎల్ ఏ త్రీ."

"పేరా అది, బస్సు నంబరా?"

"ఏదో ఒకటి అనుకోండి. ప్రొటీన్ అంటే పూసల దండ. ఏ పూస పక్కన ఏ పూస రావాలో జన్యువులో రాసుంటాది. అబ్బాకు ఆ రాతలో ఒక్కటంటే ఒక్క అక్షరం మారింది. దండలో నూట నలభై ఎనిమిదో పూస ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పడింది. వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చిందీ అట్లే ఉండాది, వాళ్ళ నాయన వైపు నుంచి వచ్చిందీ అట్లే ఉండాది. రెండూ మారినవే."

ఘని కిటికీ వదిలి వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "అంత దండలో ఒక్క పూస మారితే ఏమవతాది?"

హుమా ఒక్క క్షణం ఆలోచించింది. కుప్పంలో తెరమీద బొమ్మలు వేసి చెప్పే సంగతి. ఇక్కడ ఆ బొమ్మలు పనికిరావు.

"మన వంటలో ఒక పనోడు ఉండాడనుకోండి అబ్బా. పని చెయ్యడు. పొమ్మంటే పోడు. పొయ్యి దగ్గరే కూర్చుని గరిటె పట్టుకుని వదలడు. పని చేసేవాని చేతికి గరిటె రాదు. దేగ్ ఏమవతాది?"

"అడుగంటతాది" అన్నాడు ఘని వెంటనే.

"అదే. పనికిరాని ప్రొటీన్‌కు గుర్తు వేసి పారేసే ఏర్పాటు కణంలో ఉండాది. పూస మారిన ఈ ప్రొటీన్‌కు ఆ గుర్తు సరిగా పడదు. అందుకని బయటికి పోకుండా కొవ్వు చుక్కల మీదే పేరుకుంటాది. కొవ్వును కరిగించే ఇంకొక ప్రొటీన్ ఉండాది, దానికి సాయం చేసేదాన్ని కూడా ఇది పట్టేసుకుంటాది. కొవ్వు కరగదు. ఏండ్ల తరబడి నిలవుండి లివర్ గట్టిపడతాది. లావుగా ఉంటేనే రావాలని లేదు, సన్నోళ్ళకూ వస్తాది. దీనికితోడు మీ తిండేమో వేళకు ఉండదు, పెళ్ళిళ్ళలో రాత్రంతా నిద్ర లేకుండా చక్కెర టీలు. ఇదుండే వాళ్ళందరికీ లివర్ పోదు. జాగ్రత్తగా ఉంటే చానామందికి ఏమీ కాదు. మీకు ఎవరూ చెప్పలేదు, మీకు తెలియలేదు. అంతే."

గడప మీద దాసప్ప గట్టిగా నిట్టూర్చాడు. "చుక్క ముట్టని సాబుకు లివరు పాయె. నేను తాగిందానికి చెరువు నిండేది, నాది రాయి మాదిరి ఉండాది. పోయినేడు క్యాంపులో సూసి బాగుందన్నారు. ఇదేం న్యాయమమ్మా?"

"నీది బాగుందని మళ్ళీ మొదలుపెట్టొద్దు" అంది హుమా.

"ఏ, ఇంక నాకేం ధైర్యం! సాబు మళ్ళా సీజనంతా మాట్లాడకపోతే?"

గుల్జార్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఘని కూడా నవ్వాడు, ఎన్నాళ్ళకో. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ అయాజ్ మండీలో పండు పైవరసను చూసి బేరమాడే రకం కాదు. బుట్ట అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తాడు. ఆ మనిషిని నేను ఎంత తిట్టుకున్నా, ఆయన తెలివిని తక్కువ చెయ్యలేను.

"అంతా బాగా చెప్పినావమ్మా. చదువుకున్నదానివి. నాది ఒకే ప్రశ్న. ఈ పూస మారినోడు మందు కూడా తాగితే, లివర్ ఇంకా తొందరగా పోతాదా, పోదా?"

"పోతాది."

"అయితే తాగినోనికీ ఇదే రావచ్చు, తాగనోనికీ ఇదే రావచ్చు. మీ అబ్బా తాగలేదని నీ పరీక్ష చెప్తాందా?"

చెప్తోంది అని హుమా అంటే చాలు.

కాదనేవాడు ఆ గదిలో లేడు. పుంగనూరులోనే లేడు. అయాజ్ నమ్మేవాడు, వి.కోట బావర్చీకి వద్దని చెప్పేవాడు, ఆదివారం ఘని నిప్పు పెట్టేవాడు. తండ్రి ముఖం ఆమె ఎదురుగానే ఉంది, ఒక్క మాట కోసం చూస్తూ. ఒసే పిల్లా, ఒక్క మాట అనెయ్యవే అని రాస్తున్న నాకే అనిపించింది.

"చెప్పు బేటా" అన్నాడు ఘని. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"లేదు ఫుప్పా" అంది హుమా. "నా పరీక్ష ఆ మాట చెప్పదు. తాగింది పట్టుకునే రక్తపరీక్ష వేరే ఉండాది. అది కూడా కొన్ని వారాల సంగతే చెప్తాది, ఏండ్ల సంగతి చెప్పదు. తాగకుండా కూడా లివర్ ఇట్లా కావచ్చని మాత్రం నేను చెప్పగలను. అబ్బా తాగలేదని బిడ్డగా నాకు తెలుసు. నా పరీక్షకు తెలియదు."

అయాజ్ లేచి నిలబడ్డాడు. "సరే, ఇంకేముండాది? వి.కోట ఆయన శనివారం రాత్రికే వచ్చేస్తాడు. గుల్జార్, లే, పోదాం."

ఘని నవ్వుతున్నాడు. ముందు ఎవరూ గమనించలేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా నవ్వుతున్నాడు.

"సూసినావా అయాజ్ భాయ్ నా బిడ్డను? అవునని ఒక్క మాట అనుంటే నువ్వు నమ్మేవాడివి. నాకు పోయిన పేరు వచ్చేది. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. అయినా అన్లా! నా కోసం కూడా అబద్ధం చెప్పలా! మా నాయన ఒట్టు వెయ్యకుండా బతికినాడు, నేనూ వెయ్యలా. మేం చేసింది మొండితనమో మంచితనమో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఈ రోజు తెలిసింది. వి.కోట ఆయన్నే పిలుచుకో. ఆయన వండిందే వడ్డిస్తా, నా చేత్తోనే వడ్డిస్తా. ఇట్లాంటి బిడ్డ పుట్టినాక నాకు దేగ్ యాల?"

హుమా ఏడవకూడదని పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. దాసప్ప సిగ్గులేకుండా బోరుమన్నాడు. గర్వం అనే మాటను మనం ఊరికే వాడేస్తుంటాం, కొత్త బండికీ కొత్త ఇంటికీ కూడా. ఆ మాటకు తగిన ముఖం ఆ మధ్యాహ్నం ఆ ముందుగదిలో ఉంది.

"కూసో" అంది గుల్జార్ బీ.

ఎవరిని అందో మొదట అయాజ్‌కు అర్థం కాలేదు. పెళ్ళయిన నాటినుంచి ఆమె మొగుణ్ణి ఆ గొంతుతో పిలవలేదు.

"నిన్నే. కూసో. రంజాన్‌కు ముందు నాకు కడుపులో నొప్పి వచ్చింది, జ్ఞాపకముండాదా? రాళ్ళేమోనని స్కానింగ్‌కు పోయినాం. నువ్వు మండీకి టైమవుతాందని నన్ను వాకిట్లో దించేసి పోయినావు."

"గ్యాస్ అన్నారంటివే."

"నేను చెప్పినా గ్యాస్ అని. డాక్టరమ్మ అట్లా చెప్పలా. లివర్ కొవ్వు పట్టి గట్టిపడతాందని చెప్పింది. భాయ్‌జాన్‌కు చెప్పిన మాటే. ఒక్కటే తేడా." ఆమె చాప మీదనుంచి లేచి మొగుడి ఎదురుగా నిలబడింది. "ఆయన్ను ఎన్నేళ్ళుగా తాగతాండావని అడిగినారు. నన్ను ఎవురూ అడగలా. తల మీద కొంగు కప్పుకుని పోయినదాన్ని, నన్నెవురు అడగతారు? ఇప్పుడు నువ్వడుగు. నా పెళ్ళయినప్పటినుంచీ నీ ఇంట్లోనే కదా ఉండాను. ఎప్పుడు తాగినానో, యాడ తాగినానో నువ్వే చెప్పు!"

అయాజ్ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఊరంతా మా అన్నను తాగుబోతన్నారు. నువ్వూ అన్నావు. నేను నోరు మూసుకుని ఉంటి. నాదీ అదే రోగమని తెలిస్తే నన్నేమంటారో అని భయపడితి." అన్న వైపు తిరిగింది. "నీ బిడ్డ నీ కోసం కూడా అబద్ధం చెప్పలేకపోయింది భాయ్‌జాన్. నేను నా కోసం చెప్పేసినా. నాకు సిగ్గుగా ఉండాది."

ఘని ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "మాత్రలు వేసుకుంటాండావా లేదా? ముందు అది చెప్పు" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

అయాజ్ హుమా వైపు చూశాడు. "ఈమెదీ అదేనా?"

"ఫుప్పూ రక్తం చూడనిదే చెప్పలేను. కానీ చుక్క ముట్టకుండా లివర్ చెడిన మనిషి మీ ఇంట్లోనే ఉండారు. ఆ మాట మీకు ఏ పరీక్షా చెప్పనక్కర్లేదు."

మండీలో గొంతెత్తితే లారీలు ఆగే మనిషి జేబులోంచి ఫోను తీసి వి.కోట బావర్చీకి మెల్లగా చెప్పాడు. "ఆ, నేనే. మదనపల్లె అయాజ్‌ను. ఆదివారం నువ్వు రావద్దులేప్పా. పొరపాటు జరిగింది. పొరపాటు నాదే. మా బావే పెడతాడు నిప్పు." ఫోను పెట్టేసి, ఘని ముఖం చూడలేక నేల చూస్తూ అన్నాడు. "ఘనీ భాయ్, ఆదివారం మొదటి పళ్ళెం నాకు పెట్టు. పుంగనూరోళ్ళూ మదనపల్లోళ్ళూ అందరూ సూస్తాండంగా తింటా."

"ముక్కలు తక్కువేస్తా" అన్నాడు ఘని.

ఈ మాటకు దాసప్ప ఎగిరి గంతేశాడు. ఆ వయసులో మోకాలు పట్టేస్తుందని కూడా చూసుకోలేదు. "నీళ్ళు పోసి పెట్టుండా సాబ్! రా, నిప్పు పెట్టు. ఆదివారం దాకా యాల, ఇప్పుడే పెట్టు!" అని ఘని చెయ్యి పట్టి పెరట్లోకి లాక్కుపోయాడు. అందరూ వెనకే నడిచారు. కళాయి పోసిన దేగ్ ఎండలో ధగధగలాడుతోంది. దాసప్ప అగ్గిపెట్టె అందించాడు. ఘని చొక్కా సర్దుకుని, వంగి, పుల్ల తీశాడు.

"అమ్మీ, స్పీకర్ పెట్టు."

గుల్జార్ బీ కొంగు కింది నుంచి వచ్చింది ఆ గొంతు. ఆమె ఉలిక్కిపడి చేతిలో ఫోను బయటికి తీసి స్పీకర్ పెట్టింది. మదనపల్లెలో గోరింటాకు పెట్టించుకోవలసిన పెళ్ళికూతురు మెహ్‌నాజ్, మొదటినుంచీ లైనులోనే ఉంది. మేనమామ పేరు నిలబడుతుందో లేదో వినాలని తల్లిని బతిమాలి, వచ్చేటప్పుడే ఫోను కలిపి పెట్టించుకుంది.

"హుమా ఆపా, అంతా విన్నా. మామూ, మీ మీద పడిన మాట పోయింది, నాకు ఎంత సంతోషంగా ఉండాదో చెప్పలేను. మీ ఇంటికి వస్తాండానని నాకు చానా గర్వంగా ఉండాది." గుల్జార్ బీ ఫోనును హుమా వైపు చాచింది. "ఇప్పుడు నాది ఒక ప్రశ్న ఆపా. మామూదీ అమ్మీదీ ఒకే అమ్మానాయన రక్తం. జుబేర్‌ది మామూ రక్తం, నాది అమ్మీ రక్తం. జుబేర్ రక్తం కూడా కుప్పానికి పట్టుకుపోయినావంట కదా, దాంట్లో ఏముండాది? రేపు నాకు పుట్టే బిడ్డకూ మామూ మాదిరి రెండూ మారినవే వస్తాయా? నువ్వు చెప్పేది విన్నాక, శనివారం నికాకు ఒప్పుకుని నేను కబూల్ అనాలో వద్దో నేనే చెప్తా."

అయాజ్ భార్యను చూశాడు. భార్య హుమాను చూసింది. జుబేర్ జవాబును హుమా పొద్దున కుప్పం నుంచే మోసుకొచ్చింది. వి.కోటలో బస్సు ఆగినప్పుడూ, పలమనేరు దాటినప్పుడూ ఒకటే అనుకుంది. ఎవరైనా అడిగితే కదా, పెళ్ళయిపోయాక నింపాదిగా చెప్పుకోవచ్చులే అని.

ఘని కూతురి ముఖం చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. తీసిన పుల్లను మళ్ళీ అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టెను దేగ్ అంచు మీద ఉంచాడు. ఇందాక అన్న మాటే మళ్ళీ అన్నాడు.

"చెప్పు బేటా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."